మరపడవ – మసిలెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున పెద్దలు కావ్యములను గూర్చియు, పురాణములను గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు ప్రసంగించిరి. నా వంతుకు వచ్చిన విషయము వినుటకు కొంత మోటుగా నుండును. పాత పడవ మోటారులో పేరుకొనిన మసిని తీయుట ఎట్లు? మెకానిక్కులు దీనిని "కార్బన్ తీయుట" అందురు. లెక్కలు వ్రాసికొను వానికి ఈ మసిగొడవ ఏలయని కొందరు నవ్వుకొనవచ్చును. మసియు ఒక లెక్కయే యని చూపుటకే నా ప్రయత్నము.

మరియొక ప్రశ్నయు రావచ్చును. మనది మెట్టనేల. స్వామివారి కొండనీడను, బోరుబావుల నీటితో బ్రతుకువారము. మనకు పడవ మోటారుతో పనియేమి? దీనికి రెండు సమాధానములు కలవు. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన మన ఏలూరు జిల్లాలో ఈ మెట్టయు కలదు, ఆ కొల్లేరును కలదు. మనలో అనేకుల ఆడపడుచులు లంకగ్రామముల కోడండ్రు. అచ్చటి పడవ మంచిచెడ్డలు మన యింటి మంచిచెడ్డలే. ఇది మొదటి సమాధానము. ఇక రెండవది. పడవ వెనుక తగిలించు పాత మోటారును, మన రైతు వీపున మోయు పెట్రోలు స్ప్రేయరును, కలుపు కోయు యంత్రమును, ఒకప్పుడు వీధివీధిని తిరిగిన పాత బజాజ్ చేతక్ స్కూటరును ఒకే జాతి ఇంజనులు. ఒకదాని రోగ మెరిగినచో తక్కినవాని రోగమును ఎరిగినట్లే.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగు ఏరుల నీటిని కొల్లేరు అందుకొని ఉప్పుటేరు మార్గమున సముద్రమునకు పంపుచుండును. కొల్లేటి దోనెకు తరతరములుగా గెడయే ఇంజను. నిలకడ నీటిలో, గెడ అందు లోతులో, దానిని మించిన సాధనము లేదు. అది పెట్రోలు త్రాగదు, పొగ విడువదు, పక్షులను బెదరింపదు. కాని నీరు ఎల్లప్పుడు నిలకడగా నుండదు. 2024 సెప్టెంబరు తొలిదినములలో బుడమేరు గండ్లుపడి విజయవాడలో అనేక పేటలు మునిగినవి. ఆ వరద దిగువకు వచ్చి కొల్లేటిని నింపినది. ఏలూరు – కైకలూరు రహదారిపై నీరు పారినది. లంకలకు పడవయే దారి యైనది. విజయవాడ వీధులలో రక్షకదళముల రబ్బరు పడవలు మోటార్లతో తిరిగి జనమును ఒడ్డు చేర్చినవి. గెడ అందని లోతున, ఎదురు వరదలో, ఎదురు గాలిలో మోటారు అక్కర యెట్టిదో అప్పుడు అందరికిని తెలిసినది.

పడవలో ఒక నిండుచూలాలును, ఒక వృద్ధుడును, ఇద్దరు పిల్లలును ఉన్నారనుకొనుడు. నడి ఉప్పుటేటిలో మోటారు ఒక్కసారి దగ్గి ఆగిపోయినది. తాడు పదిమార్లు లాగినను పలుకలేదు. పడవ వంతెన స్తంభముల వైపు కొట్టుకొనిపోవుచున్నది. అప్పుడు ఆ మోటారు వెల యెంతయని ఎవ్వరును అడుగరు. దానిని కడపటిసారి విప్పి చూచినది ఎప్పుడని అడుగుదురు. త్యాగరాజస్వామి వారి నౌకాచరిత్రములో గోపికల పడవకు నడియమునలో రంధ్రము పడును. ఆ రంధ్రము కంటికి కనబడును, దూరిన నీరు కాలికి తగులును. మన మోటారులోని మసి యట్లు కాదు. అది కంటబడక, చప్పుడు చేయక, ఏండ్ల తరబడి కూడుకొని, అవసరసమయమున బయటపడును. అందుచేతనే దానిని ముందుగా వెదకవలయును.

ఇంతకును ఈ మసి యేమి? అది కర్బనము. వజ్రమును బొగ్గును ఒకే మూలద్రవ్యమని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు స్మిత్‌సన్ టెనెంట్ 1797లో నిరూపించెను. కృష్ణాతీరపు కొల్లూరు గనులలో దొరికిన కర్బనము రాజుల కిరీటములకు ఎక్కినది. మన ఇంజనులో కూడు కర్బనము మాత్రము పిస్టను నెత్తికి ఎక్కి కూర్చుండును. రెండింటికిని పుట్టుక ఒకటియే, ఫలము వేరు.

ఇంజనులో అది ఏల కూడునో తెలియవలెనన్న ఇంజను నడక కొంచెము తెలియవలయును. 1890 ప్రాంతమున జోసెఫ్ డే అను ఆంగ్లేయుడు కవాటములు లేని సులభమైన రెండు అడుగుల ఇంజనును రూపొందించెను. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్రూడ్ 1909లో పడవ వెనుక తగిలించు మోటార్లను విక్రయింప నారంభించెను. జపానులో యమహా వారు తమ తొలి పడవ మోటారును 1960లో తెచ్చిరి. ఇప్పుడు నాలుగు అడుగుల మోటార్లు విరివిగా వచ్చినవి. కాని రేవులలో, పాకలలో, పాతసామానుల అంగళ్లలో రెండు అడుగుల పాత మోటార్లు ఇంకను బ్రతికియున్నవి.

ఈ రెండు అడుగుల ఇంజనులో పిస్టను ఒకమారు పైకి పోయి క్రిందికి వచ్చుసరికి ఒక ఆవృత్తి ముగియును. సిలిండరు గోడకే కిటికీల వంటి ద్వారములుండును. పిస్టనే వానిని మూయుచు తెరచుచుండును. ఒక ద్వారమున ఇంధనము లోనికి వచ్చును, వేరొక ద్వారమున పొగ బయటికి పోవును. లోనికి వచ్చు ఇంధనము పిస్టను క్రింది గదిలో నుండియే రావలయును గనుక, ఆ గదిలో నూనె నిలువచేయుటకు వీలులేదు. అందుచేత నూనెను పెట్రోలులోనే కలిపి పోయుదురు. ఆ నూనె అరుగుదలను ఆపి, పిమ్మట పెట్రోలుతో పాటు కాలిపోవలయును. పెట్రోలు కాలినంత శుభ్రముగా నూనె కాలదు. కాలక మిగిలినదే మసి. కావున మసి బయటినుండి వచ్చిన శత్రువు కాదు. అది ఇంజను భోజనములోని శేషము. కొంచెము మిగులుట దాని స్వభావము. కుప్పపడునట్లు చేయుట మన పని.

ఆ శేషము నాలుగుచోట్ల నిలుచును. మొదటిది పిస్టను నెత్తి, దాని పైనున్న సిలిండరు తల. ఇచ్చట పెరిగిన మసిముద్ద నిప్పుకణికవలె ఎర్రబడి, ప్లగ్గు రవ్వ విసరుటకు ముందే ఇంధనమును వెలిగించును. అప్పుడు పైకి వచ్చుచున్న పిస్టనుకు ఎదురుదెబ్బ తగిలి లోపల టకటకమను చప్పుడు పుట్టును. కొంతకాలమునకు పిస్టను నెత్తికే చిల్లి పడవచ్చును. రెండవచోటు పిస్టను రింగుల గాడులు. రింగు తన గాడిలో స్వేచ్ఛగా కదలుచు సిలిండరు గోడను ఒత్తుకొని యుండవలయును. గాడిలో మసి గడ్డకట్టినచో రింగు బిగిసిపోవును. బిగిసిన రింగు పక్కనుండి మంట క్రిందికి జారి, గోడపై నూనెపొరను కాల్చివేయును. నూనె లేని లోహము లోహమును గీరుకొనును. మోటారు బిగిసిపోవుట అనునది అనేక పర్యాయములు ఇట్లే సంభవించును. మూడవచోటు పొగద్వారము. ఇంటి పొగగొట్టమునకు మసి పట్టినచో వంటయింట పొగ కమ్మినట్లే, ఈ ద్వారము ఇరుకైనచో పొగ వెనుకకు నిలిచి, ఇంజను బలము తగ్గును. నాలుగవచోటు ప్లగ్గు మొన. అది మసిబారినచో రవ్వ సరిగా పుట్టదు.

మసి ఎందువలన హద్దు మీరును? పద్దులు వ్రాసినట్లు చెప్పెదను.

మొదటి పద్దు నూనె పరిమాణము. ఒక మోటారుకు 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు నూనె అని యున్నచో, లీటరుకు 20 మిల్లీలీటర్లు, 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. మరింత పాత మోటారుకు 25 పాళ్లకు 1 పాలు అని యుండవచ్చును. అప్పుడు 10 లీటర్లకు 400 మిల్లీలీటర్లు. ఏది యేదియో ఆ మోటారు పుస్తకము చెప్పవలయును గాని పక్కవాని అలవాటు చెప్పరాదు. "నూనె ఎక్కువైనచో మంచిదే" యని కొందరందురు. 200 పోయవలసినచోట 300 పోసిరనుకొనుడు. ప్రతి 10 లీటర్లకు 100 మిల్లీలీటర్లు అధికము. అట్లు 60 మార్లు నింపునప్పటికి 6 లీటర్ల నూనె అదనముగా ఆ చిన్న గదిలో దూరినది. దానిలో కొంత పొగయైనది, కొంత నీటిపాలైనది, కొంత మసియై నిలిచినది. అట్లని నూనె తగ్గించుట మరింత ప్రమాదము. ఎక్కువైన నూనె మసిచేయును, తక్కువైన నూనె మోటారునే చంపును.

రెండవ పద్దు నూనె జాతి. స్కూటరు ఇంజను గాలితో చల్లబడును, పడవ మోటారు నీటితో చల్లబడును. నీటి మోటార్లకు టీసీ-డబ్ల్యూ3 అను గుర్తుగల నూనె వేరుగా కలదు. అది కాలినపిమ్మట లోహపు బూడిద మిగులనట్లు చేయబడినది. స్కూటరు నూనె చేతికందినదని పడవ మోటారులో పోసినచో ఆ బూడిద పేరుకొనును. ఇంజనులోనుండి తీసిన పాత నూనెను మరల కలుపుట సంగతి చెప్పనక్కరలేదు.

మూడవ పద్దు మంద నడక. వలలు చూచుకొనుచు, చేపలమేత చల్లుచు, పక్షులను చూపుచు గంటలకొలది నెమ్మదిగా నడపు మోటారు తగినంత వేడెక్కదు. వేడి చాలని మంట మసిని పెంచును. నాలుగవ పద్దు చల్లదనము. నీటి వేడిమిని అదుపుచేయు థర్మోస్టాటు తెరచుకొనియే నిలిచిపోయినచో మోటారు ఎప్పుడును చల్లగానే యుండును. ఫలము పై చెప్పినదే. ఐదవ పద్దు చెడిన ఇంధనము. కిరసనాయిలు కలిసిన పెట్రోలు, నెలలతరబడి డబ్బాలో నిలిచి జిగురెక్కిన పెట్రోలు, మితిమీరి పెట్రోలు వదలు కార్బురేటరు, ఆ మోటారుకు తగని ప్లగ్గు, ఇవన్నియు ఈ పద్దు క్రిందివే.

మసిని కనిపెట్టుటకు మోటారును విప్పనక్కరలేదు. ప్లగ్గు తీసి చూచినచో లోపలి సంగతి చెప్పును. లేత గోధుమరంగు ఆరోగ్యము. పొడిగా నల్లబడినచో పెట్రోలు ఎక్కువగుచున్నదని, లేక నడక మరీ మందమని అర్థము. తడిగా నల్లబడినచో నూనె ఎక్కువైనది. తెల్లగా సున్నమువలె నున్నచో సంతోషింపరాదు. అది అతివేడిమికి, ఇంధనము చాలకపోవుటకు గుర్తు, ప్రమాదము దగ్గరలో నున్నది. తాడు ఎన్నిమార్లు లాగినచో మోటారు లేచుచున్నదో లెక్కించుట రెండవ పరీక్ష. సిలిండరు ఒత్తిడిని కొలుచు గేజి మూడవ పరీక్ష. రెండు సిలిండర్ల మోటారులో రెండింటి ఒత్తిడికిని పదవవంతుకు మించి భేదమున్నచో, తక్కువైన దానిలో రింగు బిగిసినదేమో చూడవలయును.

ఇక తీయు విధము. అన్నింటికంటె ముందుగా ఒక నియమము. చేయి లోపల పెట్టుటకు ముందు ప్లగ్గు తీగను ఊడదీయవలయును. పంకాను చేతితో త్రిప్పినంతనే లేచు మోటార్లు కలవు. తీగ ఊడదీయుటకు క్షణము చాలును, తెగిన వ్రేలు మరల రాదు.

మొదటిది మందు విధము. కార్బన్‌ను మెత్తబరచు ద్రవము డబ్బాలలో దొరకును. మోటారును రేవునందు గాని, నీరు నింపిన పీపాలో గాని నిలిపి వేడెక్కనీయవలయును. నీరు లేక నడపరాదు. మోటారు కాలిలోని రబ్బరు రెక్కల పంపు పొడిగా తిరిగినచో కొద్దిసేపటికే చెడిపోవును. వేడెక్కిన పిమ్మట కార్బురేటరు నోటిలోనికి ఆ ద్రవమును కొంచెము కొంచెముగా చిమ్మవలయును. తెల్లని పొగ దట్టముగా వచ్చును. కడపట కొంచెము హెచ్చుగా చిమ్మి మోటారును ఆగనీయవలయును. డబ్బాపై వ్రాసినంతసేపు, కొన్నిటికి పావుగంట, కొన్నిటికి రాత్రి యంతయు, ఊరనీయవలయును. పిదప మోటారును లేపి, పడవకు తగిలించి, నీటిపై బరువుతో వేగముగా నడిపినచో మెత్తబడిన మసి పొగతో పోవును. పిమ్మట క్రొత్త ప్లగ్గులు వేయవలయును. ఈ పనియంతయు బయలులోనే చేయవలయును. మూసిన పాకలో మోటారు పొగ ప్రాణము తీయును. అందలి విషవాయువునకు రంగును లేదు, వాసనయు లేదు.

ఈ విధము లేతమసికి, రింగులు బిగియుట ఆరంభమైనప్పటికి చాలును. ఏండ్ల తరబడి పెచ్చులు కట్టిన మసికి ఇది చాలకపోవుటయే గాక, ఊడిన పెద్దపెచ్చు పొగద్వారమున చిక్కుకొని గోడను గీయవచ్చును. అట్టిదానికి రెండవది, విప్పు విధము. కొన్ని పాత మోటార్లకు తలయు సిలిండరును ఏకముగా పోతపోయబడి యుండును. వానిని పూర్తిగా విప్పవలయును గనుక మెకానిక్కుకు ఒప్పగించుటయే మేలు. తల విడివడు మోటారైనచో బోల్టులను జాగ్రత్తగా విప్పవలయును. ఉప్పుటేటి ఉప్పునీటిలో తిరిగిన మోటారు బోల్టులు తుప్పుతో పట్టియుండును. బలవంతముగా త్రిప్పినచో తల తెగి మొండెము లోపల నిలుచును. తుప్పువిడుపు నూనె పోసి, ఒకదినము ఆగి, మెల్లగా వేడిచేసి విప్పుట మంచిది. వేడిచేయుచోట పెట్రోలు ఉండరాదని వేరుగా చెప్పనేల?

తల తీసిన తరువాత పిస్టనును పైకంట తేవలయును. పిస్టను అంచునకును గోడకును నడుమనున్న సందును గ్రీజుతో కప్పవలయును. రాలిన మసి ఆ గ్రీజునకు అంటుకొనును గాని క్రిందికి జారదు. వెదురుబద్దతో గాని, గట్టిచెక్కతో గాని, మెత్తని ప్లాస్టిక్ బిళ్లతో గాని గీకవలయును. గట్టిపెచ్చును ముందుగా ద్రవముతో నానబెట్టవలయును. గీకుట ముగిసిన పిమ్మట తుడిచి, పిస్టనును కొంచెము క్రిందికి దింపి, గోడపై నిలిచిన మసిగ్రీజును బట్టతో ఎత్తవలయును. పొగద్వారమును బయటి మూత తీసి శుభ్రము చేయునప్పుడు, పిస్టను ఆ ద్వారమునకు అడ్డుగా నుండునట్లు నిలుపవలయును. అప్పుడు మసి లోపల పడదు. తల మరల బిగించునప్పుడు క్రొత్త గాస్కెట్టు వేసి, నడుమ బోల్టులతో ఆరంభించి అంచులవైపు, ఎదురెదురుగా, పుస్తకములో చెప్పిన బిగువు కొలతతో, రెండు మూడు విడతలుగా బిగించవలయును.

చేయరాని పనులు కొన్ని కలవు. పిస్టను అల్యూమినియముతో చేసినది, మెత్తనిది. తీగబ్రష్షుతో, గరుకు కాగితముతో రుద్దినచో ఏర్పడు గీతలలోనే రేపటి మసి మరింత గట్టిగా పట్టుకొనును. కాస్టిక్ సోడా నీటిలో అల్యూమినియము భాగములను ముంచరాదు. సోడా మసిని వదలి లోహమునే తినివేయును. ఆ సమయమున హైడ్రోజను పుట్టును, నిప్పు తగిలినచో అంటుకొనును. స్కూటరు సైలెన్సరును నిప్పులో కాల్చి మసి రాల్చుట మనమందరము చూచినదే. ఇనుపగొట్టమునకు చెల్లిన ఆ వైద్యము అల్యూమినియమునకు చెల్లదు. నడుచుచున్న మోటారు నోటిలో నీరు పోసినచో ఆవిరియై మసిని ఊడ్చునని కొందరు చెప్పుదురు. నీరు అణగునది కాదు. ఒక గుక్క ఎక్కువైనచో పైకి వచ్చు పిస్టనుకు అది రాయివలె అడ్డుపడి, దానిని మోయు కడ్డీని వంచును.

మరియొక మాట. తీసిన మసిని నీటిలో పారవేయరాదు. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది, 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికకెక్కినది. ఆటపాక చెట్లపై గూడబాతులు పిల్లలను పెంచునది ఆ నీటి చేపలతోనే. మనము తినునదియు అచ్చటినుండి వచ్చునదే. పాత రెండు అడుగుల మోటారు తన పొగను నీటిలోనికే వదలును. త్రాగిన పెట్రోలులో నూటికి 25 పాళ్ల వరకు కాలకయే జారవిడుచుట కలదు. ఇట్టి యంత్రమును వాడక తప్పనివారు దానిని శుభ్రముగా వాడుట నీటికి చెల్లింపవలసిన కనీసపు పన్ను. మసిబట్టలను, గ్రీజును డబ్బాలో కట్టి ఒడ్డుకు తేవలయును. చేతికి తొడుగులు వేసికొనవలయును. పొగగొట్టములు తుడుచువారికి మసివలన పుండ్లు పుట్టి కాన్సరగుచున్నదని లండను వైద్యుడు పెర్సివాల్ పాట్ 1775లోనే వ్రాసెను. మసి కడిగినచో పోవునని తేలికగా చూడరాదు.

ఇప్పుడు నా అసలు మాటకు వచ్చెదను. మసిని తీయుట సగము పనియే. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యని పెద్దలందురు. తీసినవాడు అది ఏల వచ్చెనో తెలిసికొననిచో, మరుసటి యేటికి అదే మసి అచ్చటనే కూర్చుండును. పాతబకాయిని కొట్టివేసి, బకాయి పడుటకు కారణమైన పద్దును అట్లే యుంచిన గుమాస్తా పని వంటిది అది. కావున ప్రతి మోటారునకు ఒక చిట్టా ఉండవలయునని నా మనవి. ఎనిమిది అణాల నోటుపుస్తకపు కాలము పోయినను, పది రూపాయల నోటుపుస్తకము ఇప్పటికిని దొరకుచున్నది. అందు ఏడు గడులు గీయుడు. తేదీ. పోసిన పెట్రోలు. కలిపిన నూనె. నడచిన గంటలు. అందులో పూర్తివేగమున నడచినది ఎంత. లేచుటకు తాడు ఎన్నిమార్లు లాగితిరి. ప్లగ్గు రంగు. రోజుకు ఒక్క వరుస వ్రాయుట బీడీ వెలిగించినంతసేపటి పని. ఐతే పెట్రోలు పక్కను ఆ బీడీ మాత్రము వెలిగింపకుడు.

ఆరునెలలకు ఆ పుస్తకమును తిరుగవేసినచో మోటారు తన కథ తానే చెప్పును. మొదట రెండు లాగులకు లేచినది నాలుగింటికి, పిదప ఏడింటికి వచ్చినదని కనబడును. అదే సమయమున నూనె గడిలోని అంకె పెరిగినదో, నడక మందగించినదో, ప్లగ్గు రంగు మారినదో కనబడును. రోగమును కారణమును ఒకే పుటలో ఎదురెదురుగా నిలుచును. మెకానిక్కు వద్దకు పోయినప్పుడు "ఏదో తేడాగా నున్నది" అని చెప్పుటకు బదులు ఆ పుట చూపవచ్చును. అట్టి పుస్తకమున్న మోటారును కొనువాడు మసిబూసి మారేడుకాయ చేసిరని అనుమానింపడు. చదువు రాని పడవవాడైనచో అతని బిడ్డ వ్రాయును. ఆ బిడ్డకు అదియే గణితము, అదియే శాస్త్రము.

ఈ పని గ్రంథాలయమునకు పరాయిది కాదు. 1935లో పాతూరి నాగభూషణము గారు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపర నడుమ కాలువలో పడవపై గ్రంథాలయమును నడిపించిరి. పుస్తకము పడవయెక్కి పాఠకుని వద్దకు పోయిన దేశము మనది. ఆ పడవ ఋణమును మనము తీర్చుకొనుటకు ఒక మార్గము కలదు. మన బీరువాలలో భారత భాగవతములున్నవి, ప్రబంధములున్నవి, నవలలున్నవి. వానిని చదివి ఎదిగినవారమే మనమందరము. కాని మన యూరివారు దినదినము చేతపట్టు యంత్రములను గూర్చి తెలుగులో వ్రాసిన పుస్తకములు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. మోటారుతో వచ్చు పుస్తకము సాధారణముగా ఇంగ్లీషులో నుండును. పెట్టెతోపాటు అటకెక్కును. 50కి 1 అని అందు స్పష్టముగా అచ్చువేసియున్నను, నూనె చేతివాటముననే పోయబడును. అజ్ఞానమునకు కారణము బుద్ధి లేకపోవుట కాదు, అక్షరము అందకపోవుట.

కావున కార్యవర్గమువారికి రెండు విన్నపములు. ఒక అలమారులో ఒక అరను వృత్తుల పుస్తకములకు కేటాయింపుడు. పంపుసెట్టు, స్ప్రేయరు, కుట్టుమిషను, పడవ మోటారు, వీని పుస్తకములు ఎవరియింట నున్నను ఒక ప్రతి తెచ్చి అచ్చట నుంచుడు. ఇంగ్లీషు చదివిన మన పిల్లలు వానిలోని ముఖ్యమైన పుటలను తెలుగులో వ్రాయుదురు గాక. చేతిపనిలో ఆరితేరిన మెకానిక్కులు ఆ వ్రాతను విని సరిదిద్దుదురు గాక. పుస్తకమెరుగని రహస్యములు వారికి తెలియును. పిస్టను అంచున గ్రీజు పూయు ఉపాయము వంటివి వారి పనిపాకలలోనే నిలిచినవి. వ్రాయకున్నచో వారితోనే పోవును. వరదకాలమునకు ముందు, ఏటేట వేసవిలో ఒకదినము పడవవారిని, స్ప్రేయర్లుగల రైతులను పిలిచి, ప్లగ్గులు విప్పించి, చిట్టాలు చదివించినచో అది గ్రంథాలయ సభయే యగును.

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట మనకు అలవాటు. బుడమేరు మరల ఎప్పుడు పొంగునో పంచాంగము చెప్పదు. ఆనాడు ఏదో ఒక లంకనుండి బయలుదేరిన పాత మోటారు, ఒక్క లాగునకు లేచి, ఆగక ఆవలియొడ్డు చేరినచో, అందులో ఒక నోటుపుస్తకమునకు, ఒక వెదురుబద్దకు, ఈ గ్రంథాలయములోని ఒక అరకు కొంత పాలుండవలయునని నా కోరిక.